ఎనిమిది సెకన్ల ఆంబోతు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న (చీరాల): అమెరికా రోడియో (పశువుల మీద సవారీ చేసే పోటీ) వీడియోల్లో ఆంబోతు అంతలా ఎగరడానికి వృషణాలకు తాడు బిగించి కడతారని మా ఊళ్ళో అందరూ అంటారు. నిజమేనా?

నిజం కాదు. ఆ తాడు పడే చోటు వేరు. పక్కటెముకలు అయిపోయాక, తుంటి ఎముకలకు ముందు, డొక్క చుట్టూ మెత్తటి నూలుతాడు వేస్తారు. దాన్ని ఫ్లాంక్ రోప్ అంటారు. వృషణాలకు అది తగలదు. బాగా ఎగిరే ఆంబోతులు తర్వాత విత్తనానికి పనికిరావాలి కాబట్టి యజమానులు ఆ భాగాన్ని కంటికి రెప్పలా చూసుకుంటారు.

డొక్క దగ్గర కొత్తగా ఏదో తగులుతోందని ఆంబోతు వెనక కాళ్ళు చాచి తన్నుతుంది. బిగింపు కుదరడమే ఇందులో నేర్పు. మరీ బిగిస్తే వెనక కాళ్ళు పూర్తిగా చాచలేక బిర్రబిగుసుకుపోతుంది, లేదా తిన్నగా పరుగెత్తుతుంది. వదులైతే తాడు జారిపోతుంది. ముడి ఒక్క లాగుకు ఊడేలా వేస్తారు. సవారీ అయ్యాక ఆంబోతు బరి నుంచి బయటికెళ్ళే దారిలోకి రాగానే తీసేస్తారు. అయితే తాడు ఒక్కటే ఏ పశువునూ ఎగిరించదు. ఎగిరే గుణం పుట్టుకతో రావాలి. అది లేని కోడెకు ఎంత తాడు కట్టినా నాలుగు అడుగులేసి నిలబడిపోతుంది.

గాయాలు కావని మాత్రం అనం. కాళ్ళు విరిగిన ఆంబోతులూ ఉన్నాయి. అరుదే అయినా దాచవలసిన విషయం కాదు.

ప్రశ్న (ఖమ్మం): రౌతు పడిపోతే ఆంబోతు గెలిచినట్టేనా? ఛాంపియన్‌ని ఎలా తేలుస్తారు?

రౌతు ఒక చేత్తోనే, ఆంబోతు ఛాతీ చుట్టూ కట్టిన మరో తాడు పట్టుకుని 8 సెకన్లు నిలవాలి. రెండో చెయ్యి ఆంబోతుకు గాని తన ఒంటికి గాని తగిలితే ఆ సవారీ చెల్లదు. మొత్తం 100 మార్కుల్లో సగం రౌతువి, సగం ఆంబోతువి. రౌతు రెండో సెకనులో పడినా ఆంబోతుకు మార్కులు పడతాయి. న్యాయనిర్ణేతలు చూసేవి ఇవి: వెనక కాళ్ళు ఎంత ఎత్తుకు తన్నింది, ముందు భాగం ఎంత లోతుకు దిగింది, గిరగిరా తిరగడంలో వేగం, మధ్యలో దిశ మార్చడం, మొత్తం మీద ఎంత కష్టపెట్టింది. 50కి 45 దాటితే గొప్ప ఆంబోతు కిందే లెక్క. రౌతు కొద్దీ గుర్రం అంటాం మనం. ఇక్కడ ఆంబోతు కొద్దీ రౌతు! మెత్తని ఆంబోతు దొరికితే ఎంత బాగా కూర్చున్నా మార్కులు రావు.

తిరిగే దిశ కూడా ముఖ్యం. కుడిచేత్తో పట్టుకున్నవాడికి ఆంబోతు కుడివైపు తిరిగితే కాస్త తేలిక. ఎడమకు తిరిగితే శరీరం చేతికి దూరంగా విసిరినట్టవుతుంది. అందుకే ఒకే పద్ధతి అలవాటైన ఆంబోతును రౌతులు త్వరగా చదివేస్తారు. బుష్‌వ్యాకర్ అనే ఆంబోతుకి ఆ బలహీనత లేదు. 2006లో పుట్టిన ఈ ఆంబోతు పీబీఆర్ (ప్రొఫెషనల్ బుల్ రైడర్స్ సంస్థ) పోటీల్లో వరుసగా 42 మందిని పడేసింది. 2013 ఆగస్టులో ఓక్లహోమాలోని టల్సాలో జె.బి. మౌనీ అనే రౌతు దానిమీద 8 సెకన్లు నిలిచి 95.25 మార్కులు తెచ్చుకున్నాడు. అంతకుముందు అతన్నీ అది పడేసింది. 2011, 2013, 2014లో ప్రపంచ ఛాంపియన్ ఆంబోతు అదే. మధ్యలో 2012 మాత్రం ఆస్టరాయిడ్ అనే మరో ఆంబోతుది.

ప్రశ్న (గుంటూరు జిల్లా, బండలాగుడు ఎడ్ల పెంపకందారు): తర్ఫీదు ఎలా ఇస్తారు? దాణా ఏమిటి?

ముందు ఒక తేడా. మీవి విత్తులు కొట్టించిన ఎడ్లయితే, అక్కడివి చాలావరకు కొట్టించని ఆంబోతులు. మీరు జోడీకి నిలకడగా లాగడం నేర్పుతారు. వాళ్ళు దాదాపు ఏమీ నేర్పరు, పుట్టిన గుణం చెడకుండా చూస్తారు.

కోడె వీపున మనిషికి బదులు సుమారు 10 కిలోల పెట్టె కడతారు. దాన్ని రిమోట్‌తో ఊడదీయవచ్చు. రెండేళ్ళ కోడెల పోటీల్లో ఈ పెట్టెతోనే నాలుగు సెకన్ల పరీక్ష. పెట్టెను సరిగ్గా మంచి గంతు మీద వదలాలి. బాగా ఎగిరితే బరువు పోతుందని కోడెకు అర్థమవుతుంది. అలసిపోయేదాకా ఉంచితే ఎంత ఎగిరినా లాభం లేదనుకుని మానేస్తుంది. ఆ పొరపాటును సరిదిద్దడం చాలా కష్టం. మనిషిని ఎక్కించేది మూడో ఏట నుంచే.

రెండో పొరపాటు ఎక్కువసార్లు ఎక్కించడం. పెద్ద ఆంబోతు పని ఒకసారికి కొన్ని సెకన్లే, తర్వాత విశ్రాంతి. ఇరుకు చూట్‌లో (సవారీకి ముందు ఆంబోతును నిలిపే ఇనుప కమ్మీల గదిలో) తొక్కిసలాడకుండా నిలబడటం కూడా అలవాటు చెయ్యాలి. లోపల పక్కకు ఒరిగి, మోకాళ్ళ మీద కూలబడే ఆంబోతు రౌతు కాలును ఇనుప కమ్మీలకేసి నొక్కేస్తుంది. మేత మంచి ఎండుగడ్డి, పైన 12 నుంచి 14 శాతం మాంసకృత్తులున్న దాణా. 700, 800 కిలోలు తూగినా కొవ్వు పట్టనివ్వకూడదు. కొవ్వు పడితే దిగేటప్పుడు ముందుకాళ్ళ కీళ్ళ మీద భారం పడుతుంది.

ప్రశ్న (డాలస్, టెక్సాస్): ఇక్కడి ఆంబోతుల మూపురం చూస్తే మన ఒంగోలు గిత్తలే గుర్తొస్తాయి. సంబంధం ఉందా?

ఉంది. అమెరికా బ్రాహ్మన్ జాతి మన దేశపు గుజరాత్, గిర్, కృష్ణా లోయ పశువులతో పాటు అక్కడ నెల్లూరు పేరుతో పిలిచే మన ఒంగోలు పశువుల నుంచీ తయారైంది. దాని పెంపకందారుల సంఘం 1924లో ఏర్పడింది. ఎగిరే ఆంబోతుల్లో చాలా వాటిలో బ్రాహ్మన్ నెత్తురుంది. ప్రఖ్యాత ఆంబోతు బొడేషియస్ కూడా ఫ్రెంచి జాతి షారొలే, బ్రాహ్మన్ కలిసిన సంకరమే.

ప్రశ్న (హనుమకొండ): ఎన్నాళ్ళు ఆడిస్తారు? తర్వాత ఏం చేస్తారు?

అయిదు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య ఉచ్చదశ. బుష్‌వ్యాకర్ 2014 లాస్ వేగాస్ ఫైనల్స్‌తో ఎనిమిదేళ్ళకు విరమించింది. తర్వాత విత్తనానికి ఉంచుతారు. వీర్యం అమ్ముతారు, దూడల వంశాన్ని డీఎన్‌ఏ పరీక్షతో నమోదు చేస్తారు.

బొడేషియస్ కథ వేరు. వెనకభాగాన్ని అమాంతం ఎత్తి రౌతును ముందుకు వంచేది, వెంటనే తల పైకి విసిరేది. 1995 అక్టోబరులో లాస్ వేగాస్‌లో రౌతు టఫ్ హెడెమన్ ముఖం ఎముకలు అలాగే చితికిపోయాయి. అదే ఏడాది డిసెంబరులో నేషనల్ ఫైనల్స్ రోడియోలో మళ్ళీ ఆ ఆంబోతే చీటీలో వస్తే అతను ఎక్కకుండా వదిలేశాడు. ఆ పోటీల్లోనే రక్షణ ముసుగు వేసుకుని ఎక్కిన స్కాట్ బ్రీడింగ్‌కీ ముఖానికి దెబ్బలు తగిలాయి. యజమాని శామీ ఆండ్రూస్ ఆంబోతును అంతటితో ఆపేశాడు. అప్పటికి దానికి ఏడేళ్ళే, ఇంకా ఎగరగలదు కూడా. మా దృష్టిలో ఆ నిర్ణయం సరైనది.