రోమన్ చక్రవర్తుల నాణేలపై ఉన్న లాటిన్ అక్షరాలను ఎలా చదవాలి?

నాణెం అంచు వెంబడి కనిపించేది పూర్తి వాక్యం కాదు. చక్రవర్తి పేరు, బిరుదులు, పదవులను బాగా కుదించి, తరచు పదాల మధ్య ఖాళీ కూడా వదలకుండా చెక్కిన వరుస. సాధారణంగా దాన్ని ఎడమవైపు కింది భాగం నుంచి గడియారపు ముల్లు తిరిగే దిశలో చదవాలి. ‘యు’ ఉండవలసిన చోట ‘వి’ ఆకారమే ఉంటుంది కాబట్టి, ఆగస్టస్ అన్న పేరు మొదట్లో కొత్తగా కనిపిస్తుంది.

రోమన్ చక్రవర్తి ట్రాజన్ నాణేలు అభ్యాసానికి చాలా అనువైనవి. వాటిపై ‘ఇంప్’ అంటే ఇంపెరాటర్ (సేనాధిపతి అనే అర్థమున్న చక్రవర్తి బిరుదు), ‘ఔగ్’ అంటే ఆగస్టస్ (తొలి చక్రవర్తి పేరు, తర్వాతివారికి బిరుదు). ‘గెర్’, ‘దాక్’ అనేవి జర్మన్ తెగలపైనా డేసియా (నేటి రొమేనియా ప్రాంతం)పైనా సాధించిన విజయాలను చాటే బిరుదులు. ‘పి ఎం’ ప్రధాన పురోహితుడనీ, ‘పి పి’ దేశపిత అనీ సూచిస్తాయి.

అన్నిటికంటే విలువైనవి కాలాన్ని పట్టిచ్చే పదాలు. ‘టి ఆర్ పి’ అనే ట్రిబ్యూన్ (ప్రజల తరఫు పదవి) అధికారం ఏటా పునరుద్ధరణ అయ్యేది కనుక, దాని పక్కన అంకె ఉంటే సంవత్సరం దాదాపు తెలిసిపోతుంది. ‘కోస్’ చక్రవర్తి ఎన్నోసారి కాన్సల్ (రోమ్‌లో ఉన్నత పదవి) అయ్యాడో చెబుతుంది: ట్రాజన్ అయిదోసారి క్రీ.శ. 103లో, ఆరోసారి 112లో కాన్సల్ అయ్యాడు. అందువల్ల ‘కోస్ 5’ అని రోమన్ అంకెలో ఉన్న నాణెం 103–111 మధ్యదే.

దక్షిణ భారతంలో, తెలుగు నేలపై కూడా, దొరికిన ఆగస్టస్ తర్వాతి చక్రవర్తి టైబీరియస్ దెనారియస్ అనే వెండి నాణేలపై ‘దివి ఔగ్ ఎఫ్’ అని ఉంటుంది. దైవత్వం పొందిన ఆగస్టస్ కుమారుడని దాని అర్థం; నిజానికి అతడు దత్తపుత్రుడు.