ఆధార్‌లో 19, టెన్త్ మెమోలో 17: మా అబ్బాయి జైల్లో ఉండాలా?

ప్రశ్న: మాది అనకాపల్లి జిల్లాలో ఓ పల్లె. మా అబ్బాయి ఇంటర్ మధ్యలో మానేసి బైక్ మెకానిక్ షెడ్డులో పనికి వెళ్తున్నాడు. షెడ్డుకు వచ్చే ఇద్దరు 5 వేలు ఇస్తామని చెప్పి, వాళ్ల కారుకు ముందు బైక్ మీద పైలట్‌గా వెళ్లమన్నారట. దారిలో పోలీసులు ఆపారు. కారులో 42 కిలోల గంజాయి దొరికింది. ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1 అని వేశారు, దాని ప్రకారం వాడికి 19 ఏళ్లు. టెన్త్ మెమో ప్రకారం 17 ఏళ్ల 5 నెలలే. పోలీసులు ఆధార్ చూసి ఆ ఇద్దరితో పాటు జైలుకు పంపించేశారు. కాగితాల మీద సంతకాలు కూడా పెట్టించుకున్నారట. వాడి బతుకు ఇక ఇంతేనా? – ఓ తల్లి

జవాబు: అమ్మా, ఇంతే కాదు. బెయిల్ సంగతి తర్వాత చూద్దాం. ముందు వాడి వయసు తేలాలి, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే నడుస్తుంది.

18 నిండని పిల్లవాడిని లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టడానికి వీల్లేదు. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం 10వ సెక్షన్ ఆ మాట సూటిగా చెబుతోంది. 24 గంటల్లో పిల్లల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి, ఉంచాల్సి వస్తే పిల్లల కోసం ఉన్న అబ్జర్వేషన్ హోమ్‌లో ఉంచాలి. వయసు దేన్నిబట్టి తేల్చాలో 94వ సెక్షన్‌లో వరసగా రాసి ఉంది. మొదట స్కూలు ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా టెన్త్ సర్టిఫికెట్. అవి లేకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ ఇచ్చే జనన ధ్రువపత్రం. ఆ రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఈ వరసలో ఆధార్ ఎక్కడా లేదు. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు కూడా 2024లో చెప్పింది. పుట్టిన తేదీ సరిగా తెలియనివాళ్లకు ఆధార్ సెంటర్లలో జనవరి 1 వేసేయడం మన ఊళ్లలో మామూలే. ఆధార్‌లోని ఆ తప్పుడు తేదీ మీ వాడిని పెద్దవాళ్ల బ్యారక్‌లో పడేసింది.

కాబట్టి వాడిని రిమాండ్ చేసిన కోర్టులోనే, నేరం జరిగిన రోజుకి మైనర్ అని అదే చట్టం 9వ సెక్షన్ కింద పిటిషన్ వేయించండి. ఈ పిటిషన్ ఏ దశలోనైనా వేయవచ్చు. కోర్టు విచారించి వయసు తేల్చి తీరాలి. విచారణ సాగుతుండగా 18 నిండిపోతుందేమోనని భయపడకండి, లెక్కలోకి వచ్చేది ఘటన జరిగిన రోజు వయసే. ఒరిజినల్ మెమో ఇంటర్ కాలేజీలో ఫీజు బాకీ కింద ఉండిపోయిందా? చాలా ఇళ్లలో జరిగేది అదే. దాని కోసం ఆగొద్దు. జిరాక్స్‌తో పిటిషన్ వేసి, స్కూలు అడ్మిషన్ రిజిస్టర్‌తో హెడ్‌మాస్టర్‌ను పిలిపించమని కోర్టును అడగవచ్చు. ఒక్కటి మాత్రం చేతులు జోడించి చెబుతున్నా: తేదీ దిద్దించడం, కొత్త సర్టిఫికెట్ పుట్టించడం లాంటి సలహా ఎవరిచ్చినా వినకండి. ఉన్న నిజం మీ వైపే ఉంది.

మైనర్ అని తేలాక కేసు బోర్డుకు వెళ్తుంది. ఆ ఇద్దరితో కలిపి విచారించరు. బెయిల్‌కు జువైనల్ జస్టిస్ చట్టం 12వ సెక్షన్ వర్తిస్తుంది. పెద్దవాళ్లకు గంజాయి కేసుల్లో బెయిల్‌కు అడ్డుపడే మత్తు పదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) 37వ సెక్షన్ షరతులు పిల్లలకు వర్తించవని పలు హైకోర్టులు చెప్పాయి. అయితే బయటికొస్తే మళ్లీ నేరగాళ్ల చేతిలో పడతాడనుకుంటే బోర్డు కాదనవచ్చు. మీ వాడి విషయంలో ప్రభుత్వ న్యాయవాది పట్టుకునేది దీన్నే. అందుకే ఆ షెడ్డుకు మళ్లీ పంపబోమని, దూరంగా మీ అన్నయ్య ఇంట్లోనో చెల్లెలి ఇంట్లోనో ఉంచుతామని, వాళ్లచేత కూడా రాయించి ఇవ్వండి. ప్రొబేషన్ ఆఫీసర్ ఇంటికొచ్చి అడిగితే చదువు ఎందుకు మానేశాడో, 5 వేలు ఎవరు ఆశచూపారో దాచకుండా చెప్పండి. పరువు పోతుందని తల్లిదండ్రులు ఆ పూట నోరు విప్పరు. బోర్డు చేతికి వెళ్లేది ఆయన రాసే నివేదికే.

అసలు గండం దాని తర్వాత ఉంది. గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, కనీస శిక్ష 10 ఏళ్లు. పైలట్‌గా వెళ్లినవాడికైనా కుట్ర కింద అదే. కనీస శిక్ష 7 ఏళ్లు, ఆపైన ఉంటే ఘోర నేరం. 2012 నాటి ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత వచ్చిన ఈ జువైనల్ జస్టిస్ చట్టంలో, 16 నిండినవాళ్లు ఘోర నేరంలో ఉంటే పెద్దవాడిలా విచారించాలా అని బోర్డు 15వ సెక్షన్ కింద ప్రాథమిక మదింపు చేస్తుంది. చేసినదాని పర్యవసానం వాడికి ఎంత అర్థమైంది, ఏ పరిస్థితుల్లో చేశాడు అని చూస్తారు. పిల్లవాడిగానే ఉంచితే ఎక్కువలో ఎక్కువ 3 ఏళ్లు స్పెషల్ హోమ్. పెద్దవాడిగా విచారించి దోషి అంటే 20 ఏళ్ల దాకా పోవచ్చు, రికార్డు కూడా వెంట వస్తుంది. బోర్డులో పిల్లల మనస్తత్వం చదివినవాళ్లు లేకపోతే సైకాలజిస్టు సాయం తప్పనిసరిగా తీసుకోవాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. పది నిమిషాలు నాలుగు ప్రశ్నలడిగి తేల్చేస్తుంటే మీ లాయర్ అక్కడే అభ్యంతరం చెప్పాలి. ఉత్తర్వు వ్యతిరేకంగా వస్తే 30 రోజుల్లో సెషన్స్ కోర్టుకు అప్పీలు వేయాలి.

ఇంకో దారి కూడా వదలొద్దు. మత్తు పదార్థాల రవాణాకు పిల్లల్ని వాడుకున్నవాళ్లకు ఇదే చట్టం 78వ సెక్షన్ కింద 7 ఏళ్ల దాకా శిక్ష ఉంది. ఆ ఇద్దరి మీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. మీ వాడు ముఠా మనిషి కాదు, ముఠా వాడుకున్న పిల్లవాడు. ఆ మాట కాగితం మీద ఉండాలి.

సంతకాల గురించి: ఏ వాంగ్మూలం మీదా పిల్లవాడిచేత సంతకం పెట్టించకూడదని ఈ చట్టం కింద వచ్చిన 2016 నిబంధనల్లో ఉంది. పిటిషన్‌లో ఆ విషయం కూడా రాయించండి. ప్యాకెట్లు ముందు పేర్చి తీసిన ప్రెస్‌మీట్ ఫొటోలో మీ వాడి ముఖం కనిపించి ఉంటే, ఊరి వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంటే, స్క్రీన్‌షాట్ దాచండి. 74వ సెక్షన్ కింద అది నేరం, 6 నెలల జైలు లేదా 2 లక్షల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

లాయర్‌కు డబ్బుల్లేవని ఆగిపోకండి. 15100కు ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. వెళ్లేటప్పుడు మెమో జిరాక్స్, రిమాండ్ రిపోర్టు కాపీ పట్టుకెళ్లండి. రిపోర్టు దొరక్కపోతే కేసు నంబరు, స్టేషన్ పేరు చాలు.