లెక్కల్లో అంతంతమాత్రంగా ఉన్నవారు మానవ జన్యుశాస్త్రం కోర్సు తీసుకోవచ్చా?

మానవ జన్యుశాస్త్రాన్ని ఐచ్ఛిక కోర్సుగా తీసుకోవాలని ఉందనీ, లెక్కలంటే భయం కనుక వ్యాధుల పేర్లూ క్రోమోజోముల వివరాలూ కంఠస్థం చేసి గట్టెక్కవచ్చా అనీ అడిగారు. నేను ఆ కోర్సు చదివాను. తప్పకుండా తీసుకోండి, కాని కంఠస్థం మీద ఆధారపడకండి. ఈ కోర్సుకు ప్రాణం సంభావ్యత. అదృష్టవశాత్తూ అందుకు కావలసినవి భిన్నాల గుణకారం, కూడిక మాత్రమే.

నేనూ మొదట్లో వ్యాధుల పట్టికలే బట్టీ పట్టాను. మొదటి పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది: తల్లిదండ్రులిద్దరికీ వ్యాధి లేదు, చెల్లెలికి సిస్టిక్ ఫైబ్రోసిస్ (తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యు ప్రతులు రెండూ అందితేనే వచ్చే వ్యాధి) ఉంది, అన్న ఆరోగ్యంగా ఉన్నాడు, అతడు వాహకుడయ్యే (అంటే వ్యాధి లేకుండా లోపమున్న ప్రతి ఒక్కటే మోసే) సంభావ్యత ఎంత? నాలుగు అవకాశాలలో రెండు కదా అని 1/2 రాశాను. తరువాత మా అధ్యాపకురాలు నా జవాబుపత్రం ముందు పెట్టుకుని, నేను గీసిన పన్నెట్ చతురస్రంలో (తల్లిదండ్రుల జన్యువులు బిడ్డలో కలిసే నాలుగు విధాలను చూపే గళ్ళ పటంలో) వ్యాధి వచ్చే గడిని ఎర్ర సిరాతో కొట్టేసి, "అబ్బాయి ఆరోగ్యంగా ఉన్నాడని ప్రశ్నలోనే చెప్పారు, మరి అతడు ఈ గడిలో ఎలా ఉంటాడు?" అని అడిగారు. మిగిలినవి మూడు గళ్ళు, వాటిలో వాహకులవి రెండు. జవాబు 2/3. తెలిసిన ప్రతి విషయమూ కొన్ని అవకాశాలను తుడిచివేస్తుందన్న సంగతి నాకు ఆ ఎర్ర గీతతోనే అర్థమైంది.

ఆ తరువాత వచ్చే లెక్కలన్నీ దీని పొడిగింపులే. ఉదాహరణకు హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని వ్యాధి; జన్యువు X క్రోమోజోము మీద ఉంటుంది కనుక ఎక్కువగా మగపిల్లలకే వస్తుంది) వాహకురాలైన తల్లికి పుట్టిన కూతురు వాహకురాలయ్యే అవకాశం 1/2. ఆ కూతురికి ఇద్దరు కొడుకులు పుట్టి, ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నారనుకోండి. వాహకురాలికి పుట్టే ఒక్కో కొడుకు ఆరోగ్యంగా ఉండే అవకాశం 1/2, ఇద్దరూ ఉండే అవకాశం 1/4. కనుక ఆమె వాహకురాలై ఉండి కూడా అలా జరిగే అవకాశం 1/2 × 1/4, అంటే 1/8. వాహకురాలు కాకపోతే ఇద్దరూ ఎలాగూ ఆరోగ్యంగానే పుడతారు కనుక ఆ వైపు 1/2, అంటే 4/8. మొత్తం 5/8లో ఆమె వాటా 1/8, కాబట్టి ఇప్పుడామె వాహకురాలయ్యే అవకాశం 1/5. కొత్త సమాచారంతో సంభావ్యతను ఇలా సవరించే పద్ధతే బేయస్ సూత్రం. ఆ పేరు వింటే నాకు గుండె జారేది గాని, ఉన్నది ఇంతే.

ప్రయోగశాల విషయానికి వస్తే, కారియోటైప్ (కణంలోని క్రోమోజోములను లెక్కించి వరుసపెట్టిన చిత్రం) చేసే రోజులను తొందరపడి గడిపేయకండి. కాల్చిసిన్ అనే రసాయనంతో కణ విభజనను ఆపి, పలుచని లవణ ద్రావణంలో కణాలను ఉబ్బించి, రంగు వేసిన తరువాత సూక్ష్మదర్శిని కింద క్రోమోజోములు ఒకదానికొకటి ఎడంగా పరుచుకుని కనబడతాయి. ఆ ఉబ్బించే పద్ధతి రాకముందు దశాబ్దాల పాటు మనిషికి 48 క్రోమోజోములని శాస్త్రజ్ఞులే నమ్మారు. 1956లో జో హిన్ చియో, ఆల్బర్ట్ లెవాన్ 46 అని తేల్చారు. ఒకదానిపై ఒకటి పడిన రెండింటిని విడదీసి చూడలేక నేను అవస్థ పడినప్పుడు, ఆ పొరపాటు అన్నేళ్ళు ఎలా నిలిచిందో బాగా తెలిసింది.

ఇంకొక మాట. వంశవృక్షంలో చతురస్రాలూ వృత్తాలూ గీస్తున్నప్పుడు అవి మనుషులని మరిచిపోకండి. మెదడును క్రమంగా దెబ్బతీసే హంటింగ్టన్ వ్యాధి జన్యువు 1993లో దొరికింది. తల్లికో తండ్రికో ఆ వ్యాధి ఉంటే బిడ్డకు సంక్రమించే అవకాశం సగం. లక్షణాలేవీ లేని వయసులోనే పరీక్ష చేయించుకుని తెలుసుకోవచ్చు, కాని వ్యాధిని ఆపే చికిత్స లేనప్పుడు తెలుసుకోవాలా వద్దా అన్నది ఆ వ్యక్తి ఒక్కరే తేల్చుకోవలసినది. తరగతిలో మేము ఎక్కువసేపు మౌనంగా కూర్చున్నది ఆ పాఠం రోజునే.

పాత నోట్సు దొరికితే జాగ్రత్తగా వాడండి. మానవ జీనోమ్ (మనిషి జన్యు సమాచారపు పూర్తి క్రమం) 2003లో పూర్తయిందని వాటిలో ఉంటుంది, కాని మిగిలిపోయిన దాదాపు 8 శాతం క్రమం 2022లో గాని వెలువడలేదు.

కోర్సు మొదలయ్యేలోగా క్షయకరణ విభజనను (అండం, శుక్రకణం తయారయ్యేటప్పుడు క్రోమోజోముల సంఖ్య సగమయ్యే కణ విభజనను) పుస్తకం చూడకుండా కాగితం మీద గీయగలిగేంత సాధన చేయండి. పై హీమోఫీలియా లెక్కలో మూడో కొడుకు కూడా ఆరోగ్యంగా పుట్టాడనుకుని మీరే మళ్ళీ చేసి చూడండి. 1/9 వస్తే, ఇటువంటి లెక్కలకు కావలసిన గణితం మీ దగ్గర ఉన్నట్టే.