చిన్న కారు మీద 17 అడుగుల కయాక్: ముక్కు ఊగకుండా, స్ట్రాపులు మోగకుండా

మీరు రాసినదాన్ని బట్టి, కారు పైన కయాక్‌ను (తెడ్డుతో నడిపే సన్నటి పొడవాటి పడవను) కట్టినవి రెండు స్ట్రాపులే (పట్టీలే). వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటగానే ముక్కు పక్కలకు ఊగుతోంది, స్ట్రాపులు బర్రుమంటున్నాయి.

మోత సంగతి తేలికే. గాలి తగిలే చోట ప్రతి స్ట్రాపుకీ ఒకటి రెండు మెలికలు వేయండి. చదునుగా ఉన్న పట్టీయే గాలికి కొట్టుకుని మోగుతుంది.

ఊగడానికి అసలు కారణం క్రాస్‌బార్లు (కారు పైకప్పు మీద అడ్డంగా ఉండి పడవను మోసే కడ్డీలు) మరీ దగ్గరగా ఉండటం. ర్యాక్ ఒప్పుకున్నంత ఎడంగా జరపండి. వాటి మధ్య ఎడం 24 అంగుళాలకు తగ్గితే ఇంత పొడవు పడవకు చాలదు. అప్పుడు కూడా ముక్కుకీ తోకకీ తాళ్లు తప్పనిసరి. బానెట్ కింద ఫెండర్ (ముందు చక్రం పైని రేకు) బోల్టులకు రెండు వైపులా పట్టీ లూపులు బిగించి, అక్కణ్ణుంచి ముక్కు హ్యాండిల్‌కు కట్టండి. తాడులో వదులు లేకపోతే చాలు. గట్టిగా లాగారో, ఎండకు మెత్తబడ్డ ప్లాస్టిక్ పడవ అరటికాయలా వంగిపోతుంది. అందుకే మీట ఆడించి బిగించే రాచెట్ స్ట్రాపులు వద్దేవద్దు. పట్టీని పళ్లతో నొక్కి పట్టే క్యామ్ బకిల్‌వి తీసుకుని చేత్తో లాగినంత బిగించండి.

నైలాన్ తడిస్తే సాగుతుంది, పాలిస్టర్‌వే కొనండి. 15 కిలోమీటర్లు వెళ్లాక ఆగి పడవను పట్టుకుని ఊపండి: దాంతోపాటు కారూ ఊగాలి. వెనక పొడుచుకొచ్చిన కొనకు ఎర్రగుడ్డ మరవకండి.