చెవులు పెట్టిన పేరు

ప్రశ్న: పాపియాన్ జాతి అని చెప్పి మాకొక కుక్కపిల్లను ఇచ్చారు. మూడు నెలలు వచ్చినా చెవులు నిలబడలేదు. ఇది మేలుజాతిది కాదా? అసలు ఆ పేరు ఎలా వచ్చింది?

జవాబు: మీ పిల్ల చెవులు వాలి ఉన్నంత మాత్రాన దాని జాతిని శంకించనక్కరలేదు. ఫ్రెంచి భాషలో ‘పాపియాన్’ అంటే సీతాకోకచిలుక. నిటారుగా లేచి, కాస్త పక్కలకు ఒరిగి, అంచుల వెంట పట్టుకుచ్చుల్లాంటి వెంట్రుకలు వేలాడే చెవులు విప్పిన రెక్కల్లా, నుదుటి మధ్య నుంచి ముక్కు దాకా దిగే తెల్లని చార ఆ పురుగు ఒడలిలా కనిపించడం వల్ల ఈ పేరు స్థిరపడింది. అయితే పేరు కంటే కుక్క చాలా పాతది. ఇటలీ చిత్రకారుడు టిషియన్ 1538లో పూర్తిచేసిన ‘వీనస్ ఆఫ్ ఉర్బినో’ చిత్రంలో పడక చివర ముడుచుకుని నిద్రపోతున్న ఎరుపు తెలుపుల చిన్న స్పానియెల్‌ను (పొడవాటి చెవులు, పట్టులాంటి బొచ్చు ఉండే కుక్కల తెగ) ఈ జాతి పూర్వీకులలో ఒకటిగా చెబుతారు. ఆ కాలపు చిత్రాలలోని ఇలాంటి కుక్కల చెవులు వాలే ఉంటాయి. నిలువు చెవుల రూపం ప్రాచుర్యం పొందింది పందొమ్మిదో శతాబ్దంలోనే. అంటే మీరు లోపమని భయపడుతున్నదే ఈ జాతి తొలి రూపం!

వాలు చెవుల రకానికి ఫ్రెంచివారు ‘ఫాలెన్’ అని వేరే పేరు పెట్టారు. రాత్రిళ్లు దీపం చుట్టూ తిరిగే చిమ్మట, వాలినప్పుడు రెక్కలను కిందికి దించుకుంటుంది కదా, ఆ పోలికతో వచ్చిన పేరది. ఎంత చక్కని జంట పేర్లో చూడండి. అంతర్జాతీయ శునక సమాఖ్య ఈ రెండింటినీ కాంటినెంటల్ టాయ్ స్పానియెల్ అనే ఒకే జాతిలో రెండు రకాలుగా లెక్కిస్తుంది. ‘స్పానియెల్’ అనే మాటకు ‘స్పెయిన్‌కు చెందినది’ అని అర్థమైనా, ఈ జాతికి పుట్టిళ్లుగా ఆ సమాఖ్య గుర్తించినవి ఫ్రాన్స్, బెల్జియం. ఎత్తు సుమారు 28 సెంటీమీటర్లు.

ఈ జాతి పిల్లలన్నీ వాలు చెవులతోనే పుడతాయి. లేచేవి వారాల మీద, కొన్నిసార్లు నెలల మీద మెల్లగా లేస్తాయి. పళ్లు మారే రోజుల్లో లేచిన చెవి మళ్లీ వాలడమూ ఉంది. ఒకే ఈతలో రెండు రకాలూ పుట్టవచ్చు. ప్రదర్శనలలో పెద్ద దోషంగా పరిగణించేది, రెండు రకాలనూ కలిపినప్పుడు తరచు వచ్చే సగం లేచి కొన మడిచిన చెవిని మాత్రమే. అదైనా ఇంట్లో పెంచుకునేవారికి అడ్డు కాదు. కనుక చెవులను అతికించి, కట్టి నిలబెట్టే ప్రయత్నాలేవీ దయచేసి చేయకండి.