కన్నీళ్లతోనే పాస్కా పండుగ

ప్రశ్న: మా ఊరి ఆసుపత్రిలో సేవచేసే సిస్టరమ్మలు ఈ ఏడాది తమ తోటివారిని ఇద్దరిని పోగొట్టుకున్నారు. ఇంత దుఃఖంలో వారు ఈస్టర్‌ను ఎలా జరుపుకోగలరండీ?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: అమ్మా, దుఃఖాన్ని దాచుకొని పండుగ చేసుకోమని సువార్త ఎవరినీ అడగదు. యోహాను సువార్త 20వ అధ్యాయంలో యేసు శిష్యురాలు మగ్దల మరియమ్మ ఇంకా చీకటిగా ఉండగానే ఆయన సమాధి వద్దకు వెళ్లి, అక్కడే నిలబడి ఏడ్చి, ఎదుట ఉన్నవారిని తోటమాలి అనుకొని, ఆయన తనను పేరుపెట్టి పిలిచిన తరువాతనే ప్రభువును గుర్తుపట్టింది. ఆమె స్మరణ దినాన్ని పోప్ ఫ్రాన్సిస్ 2016లో, యేసు ముఖ్య శిష్యులైన అపోస్తలుల పండుగల స్థాయికి పెంచడం ఎంతో సముచితం. పునరుత్థానుడైన ప్రభువు చేతుల్లో సిలువ గాయాలు అలాగే ఉన్నాయి. రోగుల మధ్య అలసిపోయిన మఠకన్యలకు ఇంతకు మించిన ఓదార్పు లేదని నా నమ్మకం. పాస్కా జాగరణ రాత్రి (ఈస్టర్ ముందు రాత్రి జరిగే ప్రార్థన వేళ) ఫాతిమానగర్ కెథడ్రల్‌లో వారి పక్కన నిలబడండి. పోయినవారి గురించి వారిని మాట్లాడనివ్వండి. పండుగనాటి వంట మీరు చేసి, ఆ పూట వారికి విశ్రాంతినివ్వండి.