ప్లాస్మా సుడులను తెంచే విద్యుత్ క్షేత్రం

ప్రశ్న: టోకమాక్ అనే వలయాకార సంలీన యంత్రంలో ప్లాస్మాను, అంటే అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వేడి వాయువును, అయస్కాంత క్షేత్రం పట్టి ఉంచుతుందని చదివాను. అంచున విద్యుత్ క్షేత్రం కూడా ఉంటే వేడి ఇంకా బాగా నిలుస్తుందంటారు. అయాన్లను లోపలికి నెట్టే క్షేత్రం ఎలక్ట్రాన్లను బయటికి లాగేయాలి కదా? – ఎం.ఎస్సీ. ఫిజిక్స్ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. క్షేత్రం కణాలను లోపలికి తోస్తుందనుకుంటే లెక్క కుదరదు. బలమైన అయస్కాంత క్షేత్రంలో గిరగిరా తిరిగే కణం మీద అడ్డంగా విద్యుత్ క్షేత్రం పడితే, ఆ కణం రెండు క్షేత్రాలకూ లంబంగా పక్కకు జరుగుతుంది. విద్యుత్ క్షేత్రాన్ని అయస్కాంత క్షేత్రంతో భాగిస్తే ఆ వేగం వస్తుంది. అందులో ఆవేశం లేదు, ద్రవ్యరాశీ లేదు. కనుక అయాన్లూ ఎలక్ట్రాన్లూ ఒకే వైపు, ఒకే వేగంతో సాగుతాయి. 1 టెస్లా దగ్గర మీటరుకు 10,000 వోల్టులుంటే సెకనుకు 10 కిలోమీటర్లు. టోకమాక్ అంచున విద్యుత్ క్షేత్రం వ్యాసార్ధం వెంట ఉంటుంది కాబట్టి ఆ పొర మొత్తం ప్లాస్మా చుట్టూ తిరుగుతుంది.

ఒట్టి తిరుగుడు చాలదు, పొర పొరకూ వేగం మారాలి. వేడిని బయటికి మోసుకుపోయేవి ప్రధానంగా ప్లాస్మాలో పుట్టే చిన్న సుడులు. కాలువలో ఒడ్డున నీరు నెమ్మది, నడుమ వడి. అక్కడ రంగు చుక్క వేస్తే క్షణాల్లో సాగి దారమైపోతుంది. సుడికీ అదే గతి పడుతుంది. 1 సెంటీమీటరు దూరంలో వేగం సున్నా నుంచి సెకనుకు 10 కిలోమీటర్లకు పెరిగితే, సాగదీసే రేటు సెకనుకు 10 లక్షలు. సుడి పెరిగే రేటును ఇది దాటితే సుడి ఎదగకముందే తెగుతుంది. క్షేత్రం లోపలి వైపుకున్నా, బయటి వైపుకున్నా ఈ పని జరుగుతుంది. జర్మనీలోని టెక్స్‌టర్ యంత్రంలో క్షేత్రాన్ని రెండు దిశల్లోనూ పెట్టి మెరుగుదల చూశారు.

1982లో జర్మనీలోని గార్చింగ్‌లో ఆస్‌డెక్స్ టోకమాక్‌లో ఫ్రిట్జ్ వాగ్నర్ బృందం చూసిన హెచ్-మోడ్ (వేడి బాగా నిలిచే స్థితి) ఇలాంటిదే. వేడి నిలిచే కాలం దాదాపు రెట్టింపయింది. అక్కడ క్షేత్రాన్ని ఎవరూ పెట్టలేదు, ప్లాస్మాయే తన అంచున తయారుచేసుకుంది. క్షేత్రాన్ని బయటినుంచి పెట్టి అలాంటి స్థితినే తెప్పించవచ్చని 1989లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం యంత్రం సీసీటీ చూపించింది. ఈ రంగంలో నాకు అన్నిటికంటే విలువైన ప్రయోగం అదే. క్షేత్రం ఫలితం కాదు, కారణం కాగలదని అది తేల్చింది.

ప్రశ్న: చిన్న టోకమాక్‌లో ఎలక్ట్రోడ్‌తో అంచున ఈ విద్యుత్ క్షేత్రాన్ని ఎలా పెడతారు? ఎక్కడ చెడుతుంది? – ఇంజనీరింగ్ అధ్యాపకుడు, కర్నూలు

జవాబు: ఎలక్ట్రోడ్ తలను లిమిటర్ (ప్లాస్మా గోడను తాకకుండా దాని హద్దును నిర్ణయించే అడ్డు) అంచు దాటి కొన్ని సెంటీమీటర్లు లోపలికి దించుతారు. తలకు గ్రాఫైట్, మాలిబ్డినం, టంగ్‌స్టన్ లాంటివి వాడతారు. కాడను బోరాన్ నైట్రైడ్ గొట్టంలో దాచాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: కాడ ఏ కొంచెం బయటపడ్డా కరెంటు లిమిటర్ నీడలోంచి అయస్కాంత క్షేత్ర రేఖ వెంట నేరుగా గోడకు పోతుంది. అప్పుడు వోల్టేజీ చూపిస్తుంది గానీ లోపల క్షేత్రం మారదు.

సరఫరాకు కెపాసిటర్ బ్యాంకు, స్విచ్ చాలు. కొన్ని వందల వోల్టులు, పదుల నుంచి వందల ఆంపియర్లు కావాలి. ప్లాస్మా కరెంటు స్థిరపడ్డాకే వోల్టేజీ ఇవ్వాలి. 300 వోల్టులు, 100 ఆంపియర్లంటే 30 కిలోవాట్లు. 100 మిల్లీసెకన్లకు 3 కిలోజౌళ్లు. అందులో చాలాభాగం తల మీదే పడితే గ్రాఫైట్ చెదిరి ప్లాస్మాలో మలినంగా కలుస్తుంది, ఆర్క్ కూడా కొట్టవచ్చు.

ధన వోల్టేజీతో పని సులువు, ఎందుకంటే ఎలక్ట్రాన్లు ధారాళంగా వస్తాయి. రుణమైతే అయాన్ల కొద్దిపాటి కరెంటు దగ్గరే ఆగిపోతుంది. అందుకే సీసీటీలో వేడెక్కితే తానే ఎలక్ట్రాన్లు వదిలే లాంథనం హెక్సాబోరైడ్ వాడారు.

వోల్టేజీని మెల్లగా పెంచుతూ కరెంటు చూడండి. ఒక దశలో వోల్టేజీ పెరుగుతున్నా కరెంటు ఠక్కున పడిపోతే ప్లాస్మా కొత్త స్థితిలోకి వచ్చిందనుకోవచ్చు. తిరుగుడును ఆపే స్నిగ్ధత ఒక వేగం వరకు పెరిగి, దాటాక తగ్గడమే దీనికి కారణం. తటస్థ వాయువు ఎక్కువైనా తిరుగుడుకు బ్రేకు పడుతుంది. గోడలను ముందే గ్లో డిశ్చార్జితో (పలచని వాయువులో మెరిసే విద్యుత్ ప్రవాహంతో) శుభ్రం చేయాలి.

సాంద్రత పెరిగిందని సంబరపడొద్దు. కొత్తగా వాయువు ఎక్కించకుండా సాంద్రత పెరుగుతూ, హైడ్రోజన్ ఆల్ఫా కాంతి (తటస్థ హైడ్రోజన్ వెలువరించే ఎర్రటి కాంతి) తగ్గితేనే కణాలు నిజంగా నిలుస్తున్నట్టు. రెండూ పెరిగితే ఎలక్ట్రోడో గోడో వాయువు వదులుతున్నాయని అనుమానించాలి. గ్రాఫైట్ అయితే 464.7 నానోమీటర్ల కార్బన్ రేఖను కూడా పక్కనే నమోదు చేయాలి. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో ఆదిత్య టోకమాక్ మీద కూడా ఇలా ఎలక్ట్రోడ్‌కు వోల్టేజీ ఇచ్చే పని (ఎలక్ట్రోడ్ బయాసింగ్) చేశారు. డిస్రప్షన్‌ను, అంటే ప్లాస్మా ఉన్నట్టుండి కుప్పకూలడాన్ని, అడ్డుకోవడానికి దాన్ని వాడటం అక్కడి విశేషం.

ప్రశ్న: ఫ్రాన్స్‌లో కడుతున్న భారీ అంతర్జాతీయ టోకమాక్ ఐటర్‌లో కూడా ఎలక్ట్రోడ్ పెడతారా? – పాఠకుడు, విజయవాడ

జవాబు: లేదు. అంత వేడి ప్లాస్మా అంచు లోపల లోహపు కడ్డీ నిలవదు. అక్కడ అంచు క్షేత్రాన్ని ప్లాస్మా పీడన భేదమే పుట్టించాలి.